పన్ను మినహాయింపు రాదని పాలసీ మానేశారా?

కిందటి నెలలో మా వార్డుకు 52 ఏళ్ల ప్రైవేటు ఉద్యోగి ఒకాయన వచ్చారు. నేరుగా మా దగ్గరికి రాలేదు. న్యుమోనియాతో మూడు రోజులు ప్రైవేటు ఆస్పత్రి ఐసీయూలో ఉండి, చేతిలో డబ్బు అయిపోయాక నాలుగో రోజు అంబులెన్సులో వచ్చారు. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. పాత రిపోర్టులు చూద్దామని ఆయన భార్య ఇచ్చిన ఫైలు తిరగేస్తుంటే, బిల్లుల అడుగున హెల్త్ పాలసీ కాగితం కనిపించింది. ఎనిమిదేళ్లు వరసగా కట్టిన పాలసీ అది.

"ఇది ఉంది కదమ్మా, అక్కడ చూపించలేదా?" అని అడిగాను.

"పోయినేడు కట్టలేదు సార్. ఆఫీసులో కొత్త ట్యాక్స్ విధానంలోకి మారారు. అందులో ఇది కట్టినా తగ్గింపు రాదన్నారట. ఇంక దండగ అని ఆపేశారు."

ఆరోగ్యం పేజీలో ఆదాయపు పన్ను గొడవేమిటని మీరు అనుకోవచ్చు. నేను ఆడిటర్‌ని కాదు. కానీ ఈ మాట ఓపీలో, వార్డులో, చివరికి పెళ్లి భోజనాల దగ్గర కూడా వింటున్నాను. ఆఫీసులు పెట్టుబడుల రుజువులు అడిగే నెలలు ఇవి. మీ ఇంట్లోనూ ఈ చర్చ నడుస్తూ ఉండొచ్చు కనుక, నాకు అర్థమైనంత మేరకు లెక్క మీ ముందు పెడతాను.

పాత పన్ను విధానంలో సెక్షన్ 80డి ఉంది. మీకు, మీ భార్య లేదా భర్తకు, మీ మీద ఆధారపడిన పిల్లలకు కట్టే ప్రీమియంలో 25,000 రూపాయల వరకు ఆదాయంలోంచి తీసేస్తారు. మీలో ఒకరికి 60 ఏళ్లు దాటితే ఆ పరిమితి 50,000. అమ్మానాన్నలకు కడితే దానికి అదనంగా మరో 25,000, వాళ్లకు 60 దాటితే 50,000. తల్లిదండ్రులు మీ మీద ఆధారపడి ఉండాలన్న షరతు లేదు. అత్తమామలకు కడితే మాత్రం రాదు. ప్రీమియం నగదుగా కడితే కూడా రాదు.

2023-24 నుంచి కొత్త పన్ను విధానమే డిఫాల్ట్ అయింది. పాతది కావాలంటే మనమే ఎంచుకోవాలి. కొత్త విధానంలో శ్లాబులు తక్కువ, కానీ 80డి లేదు. 1 ఏప్రిల్ 2026 నుంచి వచ్చే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో ఈ మినహాయింపు 126వ సెక్షన్‌గా మారుతోంది. అక్కడా అది పాత విధానం ఎంచుకున్నవాళ్లకే.

ఇక్కడే చాలామంది తప్పు లెక్క వేసుకుంటున్నారు. మినహాయింపు పోయింది కనుక నష్టపోయామనుకుంటున్నారు. ఏడాదికి 15 లక్షల జీతం ఉన్న ఉద్యోగిని తీసుకోండి. 2025-26 శ్లాబుల ప్రకారం కొత్త విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేశాక సెస్సుతో కలిపి పన్ను 97,500 రూపాయలు. అదే మనిషి పాత విధానంలో ఉండి, 80సి కింద లక్షన్నర, తనకూ 60 దాటిన అమ్మానాన్నలకూ కలిపి 80డి కింద 75,000 పూర్తిగా వాడుకున్నా 1,87,200 కట్టాలి. ఇంటి రుణం వడ్డీ, అద్దె భత్యం లాంటివి భారీగా ఉన్నవారి లెక్క వేరు. కేవలం ఆరోగ్య బీమా కోసం పాత విధానంలో ఉండటంలో అర్థం లేదు. జీతం 12.75 లక్షల లోపయితే కొత్త విధానంలో అసలు పన్నే లేదు, ఇక మినహాయింపు దేనిలోంచి?

అంటే మారినవాళ్లలో ఎక్కువమందికి పన్ను ఆదా అయింది. ఆ మిగిలిన డబ్బులోంచే ప్రీమియం కట్టుకోవచ్చు. కానీ మనిషి మనసు అలా పని చేయదు. మార్చిలో పన్ను ఆదా చేయాలనే తొందరే ఇన్నాళ్లూ చాలా ఇళ్లలో పాలసీ కట్టించింది. ఆ తొందర పోగానే పాలసీ కూడా ఖర్చుల జాబితాలో కిందకు జారిపోయింది. ఆర్థికవేత్తలు ఏమంటారో గానీ, పన్ను చట్టం చేసిన ఈ చిన్న మేలును తీసేసేటప్పుడు దాని బదులు ఇంకేదైనా పెట్టాల్సిందని నా అభిప్రాయం.

ఒక మేలు మాత్రం జరిగింది. 22 సెప్టెంబర్ 2025 నుంచి వ్యక్తిగత, ఫ్యామిలీ ఫ్లోటర్, వృద్ధుల హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. 30,000 ప్రీమియం ఉన్న కుటుంబం ఇదివరకు 35,400 కట్టేది, ఇప్పుడు 5,400 మిగిలాయి. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి 80డిలో 25,000 వాడుకుంటే ఆదా అయ్యేది 5,200. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. పైగా మొదటిది పన్ను కట్టేవారికే కాదు, కిరాణా కొట్టు నడిపేవారికీ, రైతుకూ వస్తుంది. అయితే రెన్యువల్ నోటీసులో అసలు ప్రీమియం ఎంత పెరిగిందో కూడా చూడండి. జీఎస్టీ లేనందున కంపెనీలకు ఇన్‌పుట్ క్రెడిట్ పోయింది, ఆ భారం అసలు ధరలోకి రావచ్చు. 60 దాటినవారి ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే ముందుగా తనను సంప్రదించాలని 2025 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది.

ఇప్పుడు డాక్టర్‌గా నా మాట. పాలసీ మానేస్తే పోయేది ఒక ఏడాది కవరేజీ మాత్రమే కాదు. ముందు నుంచి ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ గరిష్ఠంగా మూడేళ్లు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకీలు మార్పిడి లాంటి వాటికీ కొంతకాలం ఆగాలి. ఎనిమిదేళ్లు కట్టినవారు ఇవన్నీ దాటేసి ఉంటారు. వరసగా 60 నెలలు పాలసీ నడిచాక, మోసం ఉంటే తప్ప, 'ముందే జబ్బు ఉంది, మీరు చెప్పలేదు' అని కంపెనీ క్లెయిమ్ తోసిపుచ్చడానికి వీల్లేదు. పాలసీ తెగిపోతే ఇదంతా మళ్లీ మొదటికి వస్తుంది. నలభై నాలుగేళ్లప్పుడు ఒక్క షుగర్‌తో కొన్న పాలసీని, 52లో షుగర్, బీపీ, కిడ్నీలో కొంచెం తేడాతో కొనబోతే ప్రీమియం వేరుగా ఉంటుంది. అసలు ఇస్తారో లేదో కూడా చెప్పలేం.

గడువు దాటిందని గుర్తొస్తే కంగారు పడొద్దు. ఏడాది ప్రీమియం కట్టేవారికి 30 రోజుల గ్రేస్ పీరియడ్ ఉంటుంది. ఆ లోపు కడితే పాత సంవత్సరాల లెక్క పోదు. కానీ ఆ ఖాళీ రోజుల్లో ఆస్పత్రి పాలైతే మాత్రం డబ్బు రాదు. 'కంపెనీ గ్రూపు బీమా ఉందిగా' అంటారు కొందరు. ఉద్యోగంతోపాటు అదీ పోతుంది. మానే ముందే దాన్ని వ్యక్తిగత పాలసీగా మార్చుకునే వీలు అడిగి తెలుసుకోండి.

'ప్రభుత్వాస్పత్రి ఉంది కదా' అనేవారూ ఉన్నారు. ఉంది. నేను అక్కడే పని చేస్తున్నాను, మందులు, పరీక్షలు ఉచితంగానే ఇస్తాం. కానీ మా ఐసీయూలో పడకలు లెక్కపెట్టినన్నే. ఈయన వచ్చిన రోజు ఒకటి ఖాళీ అయింది కనుక దొరికింది. ప్రభుత్వ ఉద్యోగిగా నాకు ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉంది, కాబట్టి మీకు చెప్పడం నాకు తేలికే, అదీ ఒప్పుకుంటాను.

పాత విధానంలోనే ఉన్నవారికి రెండు విషయాలు. మొదటిది చాలామందికి తెలియదు. 60 దాటిన మీ అమ్మానాన్నలకు ఏ హెల్త్ పాలసీ లేకపోతే, వాళ్ల వైద్య ఖర్చులనే 50,000 వరకు 80డి కింద చూపించవచ్చు. డాక్టర్ ఫీజు, నెలనెలా కొనే షుగర్, బీపీ మాత్రలు కూడా. నగదు ఇస్తే లెక్కలోకి రాదు. యూపీఐతోనో కార్డుతోనో కట్టి, వాళ్ల పేరు మీద బిల్లు తీసుకోండి. మందుల షాపులో బిల్లు అడగడానికి మొహమాటపడొద్దు. 70 దాటిన పెద్దలుంటే ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల వరకు వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు కూడా చేయించండి.

రెండోది ఆరోగ్య పరీక్షలు. 80డి పరిమితిలోనే 5,000 వరకు ముందస్తు పరీక్షలకు ఉంది, ఇది నగదుగా కట్టినా ఒప్పుకుంటారు. ఈ మినహాయింపు పుణ్యమా అని మార్చి నెలలో పెద్ద ప్యాకేజీల రిపోర్టులు పట్టుకుని వచ్చేవాళ్లు మాకు కొత్త కాదు. అరవై పరీక్షల్లో ఎర్ర అక్షరాల్లో ఉన్న ఒకదాన్ని చూపించి, నిద్ర పట్టడం లేదంటారు. అందులో చాలావాటికి అర్థం ఉండదు. కానీ అదే కట్టలో ఎవరికీ తెలియని షుగర్ బయటపడిన సందర్భాలూ చూశాను. నలభై దాటినవారికి బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, క్రియాటినిన్, మూత్ర పరీక్ష చాలు. దానికి పన్ను మినహాయింపు వచ్చినా రాకపోయినా ఖర్చు పెద్దగా కాదు.

మా పేషెంటు కోలుకున్నారు. డిశ్చార్జి రోజున ఆయన నన్ను పక్కకు పిలిచి, సమ్మరీలో 'పన్నెండేళ్లుగా షుగర్' అన్న మాట తీసేయమన్నారు. కొత్త పాలసీకి అడ్డవుతుందని భయం. ఇలా అడిగేవాళ్లు నాకు నెలకు ఇద్దరు ముగ్గురు తగులుతారు. నేను రాయకపోయినా పాత ప్రిస్క్రిప్షన్లు, ల్యాబ్ రిపోర్టులు ఎక్కడో ఉంటాయి. అవి క్లెయిమ్ రోజున బయటపడితే పాలసీ మొత్తం పోతుంది. తీయలేనని చెప్పాను. ఆయన కాసేపు కాగితం వంక చూసి, ఆ మూడేళ్ల లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందని అడిగారు. కొత్త పాలసీ మొదలైన రోజు నుంచి అని చెప్పాను.