సూదికి ముందు చేయి

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని ఒకాలా పరిసరాలు గుర్రాల పెంపకానికి పేరుపడ్డ నేల. ఆ దగ్గర్లోనే రెడ్డిక్ అనే చిన్న ఊరుంది. అక్కడి ఒక బడికి చదువుకోవడానికి వచ్చేవాళ్లు పిల్లలు కారు. పశువైద్యంలో పట్టా పుచ్చుకుని, ఏళ్ల తరబడి కోతలూ కుట్లూ చేసి చెయ్యి తిరిగిన డాక్టర్లు వాళ్లలో ఎందరో. ఇక్కడ వాళ్లు మళ్లీ ఓనమాలు దిద్దుతారు. గుర్రం వీపు మీద, కుక్క నడుము మీద వేళ్లు ఆనించి, ఏ రెండెముకల నడుమ గుంట తగులుతోందో, ఎక్కడ నొక్కితే తోలు జలదరిస్తోందో వెతుకుతారు. సూది గుచ్చాల్సిన ఫలానా బిందువు ఎక్కడుందో జంతువు ఒంటి మీద వేలు పెట్టి చూపించడం వాళ్ల పరీక్షలో ఒక భాగం.

చైనాలో పశువైద్యం చదివి అమెరికా వెళ్లిన హ్వేషెంగ్ షియె 1998లో ఆ బడి పెట్టారు. చీ ఇన్‌స్టిట్యూట్‌గా మొదలై ఇప్పుడు చీ యూనివర్సిటీ అయింది. ఆక్యుపంక్చర్‌తో పాటు చైనా మూలికలు, ఆహార నియమాలు, మర్దన కూడా నేర్పుతారు. ఆక్యుపంక్చర్ మీద ఆసక్తి అమెరికాలో అంతకు ముందే మొదలైంది. 1971లో పెకింగ్ వెళ్లిన న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు అక్కడ అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది. తరవాతి బాధకు సూదులు వేయించుకుని, ఆ అనుభవాన్ని పత్రికలో రాశాడు. మరుసటి ఏడు అధ్యక్షుడు నిక్సన్ చైనా వెళ్లాడు. మనుషులకు పనికొచ్చేది జంతువులకెందుకు పనికిరాదని కొందరు పశువైద్యులు అనుకున్నారు. 1974లో అంతర్జాతీయ పశు ఆక్యుపంక్చర్ సంఘం ఏర్పడింది.

చైనాలో ఈ విద్య పెరిగింది గుర్రపుశాలల్లో. సైన్యానికి గుర్రం కావాలి, సేద్యానికి ఎద్దు కావాలి. మింగ్ రాజుల కాలంలో యు ఇంటి అన్నదమ్ములిద్దరు గుర్రాల వైద్యం మీద రాసిన గ్రంథం 1608 నాటిది. తరవాతి కాలంలో ఎడ్ల, ఒంటెల వైద్యమూ దానికి చేరింది. మన దగ్గరా గుర్రాల లక్షణాల మీద మనుమంచి భట్టు తెలుగులో పద్యాలే కట్టాడు. యుద్ధాలు గుర్రాల మీద నడిచిన రోజుల్లో ఎక్కడి రాజుకైనా గుర్రం కాలి కుంటు రాజ్యానికి సంబంధించిన సంగతే.

ఆ పాత వైద్యులు జంతువుకు వేరే పటం గీసుకున్నారనడానికి 'బైహుయి' అనే బిందువే సాక్ష్యం. మనిషికి అది నడినెత్తిన ఉంటుంది. గుర్రానికి నడుము చివర, తుంటి మొదట్లో ఉంటుంది. పేరు ఒకటే, చోటు వేరు. ఇంటి కుక్కకూ పిల్లికీ పాత గ్రంథాల్లో పెద్దగా చోటు లేదు. ఇవాళ వాటికి వాడే, బిందువులను కలిపే మార్గాల పటాలు చాలావరకు మనిషి పటాన్ని నాలుగు కాళ్ల ఒంటి మీదికి దించి గీసినవి. గుర్రానికి పిత్తాశయమే ఉండదు, అయినా దాని ఒంటి మీద పిత్తాశయ మార్గం గీస్తారు. దీన్ని ఎత్తి చూపి మొత్తం విద్యనే తోసిపారేసేవాళ్లున్నారు. అంత తొందర అక్కర్లేదు. మార్గం ఊహే అయినా, సూది దిగిన చోట నరం ఉంది. 1976లో టొరంటోలో బ్రూస్ పోమెరాంజ్ ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, సూదితో తగ్గిన నొప్పి, నల్లమందు లాంటి నొప్పి మందులను అడ్డుకునే నాలోక్సోన్ ఇస్తే మళ్లీ తిరిగొచ్చింది. అంటే శరీరం తనలో తాను పుట్టించుకునే నొప్పి మందుకూ సూదికీ ఏదో లంకె ఉందన్నమాట. అలాగని పటం ఎలా పుట్టిందో విద్యార్థికి మొదటి రోజే చెప్పకపోవడమూ సరికాదు.

పని చేస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ఇంకా సగమే దొరికింది. డాక్స్‌హుండ్ లాంటి పొట్టి కాళ్ల, పొడుగు నడుము కుక్కలకు వెన్నుపూసల మధ్య డిస్కు జారి వెనక కాళ్లు పడిపోతుంటాయి. అలాంటి 40 కుక్కల మీద బ్రెజిల్ పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. సూదుల గుండా సన్నగా కరెంటు పంపిన గుంపు ఒక్క ఆపరేషన్‌తో సరిపెట్టిన గుంపు కన్నా బాగా కోలుకుంది. ఆశ పుట్టించే ఫలితమే. కానీ గుంపులు చిన్నవి, ఏ కుక్క ఏ గుంపులో ఉండాలో చీటీలు వేసి తేల్చినదీ కాదు. అంతకు ముందు 2006లో అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నిటినీ ఒక్కచోట చేర్చి చూసిన సమీక్ష, పెంపుడు జంతువుల్లో ఏ జబ్బుకైనా ఆక్యుపంక్చర్‌ను సిఫారసు చేయడానికి గానీ కాదనడానికి గానీ చాలినంత రుజువు లేదని తేల్చింది.

ఇక్కడ తరచూ వినబడే మాట ఒకటుంది. మూగజీవికి భ్రమలుండవు, మందు మీద నమ్మకంతో లేచి నడవదు, కాబట్టి నడిచిందంటే వైద్యం పని చేసినట్టే అని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ 2012లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధన మరో సంగతి బయటపెట్టింది. కీళ్ల నొప్పులతో కుంటుతున్న కుక్కలకు ఉత్తుత్తి మందు ఇచ్చారు. చాలామంది యజమానులు మెరుగైందన్నారు. పరీక్షించిన డాక్టర్లూ చాలాసార్లు అదే మాట అన్నారు. కుక్క ఏ కాలి మీద ఎంత బరువు మోపుతోందో కొలిచే పలక మాత్రం ఏ మార్పూ లేదంది. భ్రమ కుక్కకు లేదు, దాన్ని ప్రేమించేవాళ్లకుంది. ఇందులో ఎవరినీ తప్పు పట్టేది లేదు. నొప్పి తగ్గిందని నమ్మాలనిపించడం మమకారంలో భాగం. కాకపోతే, ఇంకా నొప్పిగా ఉందని చెప్పడానికి ఆ జీవికి నోరు లేదు. అందుకే పశువైద్యుడు తన కళ్లను తానే అనుమానించుకోవాలి, మనుషుల డాక్టరు కన్నా ఎక్కువగా.

మరి ఈ శిక్షణలో మనకు నచ్చేదేమిటి? తీరికగా చేయి వేసి చూడటం. నాలుక రంగు చూస్తారు, చెవులు చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో చూస్తారు, తొడ లోపల నాడి పట్టి చూస్తారు, వీపంతా తడిమి చూస్తారు. సూదులు వేశాక అవి ఉన్నంతసేపూ జంతువు దగ్గరే ఉంటారు. మన పల్లెల్లో పాతకాపుకు ఇది కొత్త కాదు. ముట్టె తడి ఆరిందా, నెమరు వేస్తోందా, చెవుల మొదలు కాలుతోందా అని చూసుకున్నాకే డాక్టరుకు కబురు పెట్టేవాడు. ఇవాళ ఊళ్లు తిరగలేక తిరిగే మన పశువుల డాక్టరుకు ఆ తీరిక దొరకదు. రైతూ ఇంజెక్షన్ పడితే చాలనుకుంటాడు. పశువు మీద చెయ్యి పడకుండానే వైద్యం అయిపోతున్న రోజులివి.

పాతదైనంత మాత్రాన ఏదీ మంచిది కాదు. కుంటే ఎద్దుకు ఇనప చువ్వ కాల్చి వాతలు పెట్టిన చేతులూ మనవే. చైనా సంప్రదాయ మందుల్లో ఎలుగుబంటి పైత్యరసం ఉంది, గాడిద తోలు కాచి తీసే జిగురు ఉంది. ఆ తోలు కోసం గాడిదలు అంతరిస్తాయేమోనన్న భయంతో ఆఫ్రికా దేశాలు 2024లో ఆ వ్యాపారాన్ని ఆపాలని ఒక్కమాట మీద నిర్ణయించుకున్నాయి. అలుగు పొలుసులను చైనా తన అధికారిక ఔషధ గ్రంథం నుంచి 2020లో తీసేసింది. జంతువుల కోసం ఈ విద్య నేర్చేవాళ్లు జంతువుల ప్రాణం తీసే ఈ భాగాన్ని నిర్మొహమాటంగా వదిలేయాలి.

పాతదాన్ని జల్లెడ పట్టి వాడుకునే దారి మన దేశంలోనూ ఉంది. పాడిపశువుల పొదుగువాపుకు పావుకిలో కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం కలిపి నూరిన ముద్దను పూయమని జాతీయ పాడి అభివృద్ధి బోర్డు రైతులకు చెబుతోంది. యాంటీబయాటిక్స్ వాడకం తగ్గించాలన్నది ఉద్దేశం. వంటింటి సరుకైనా, చైనా సూదైనా, కొత్త ఇంజెక్షనైనా కొలిచే తూకం ఒక్కటే ఉండాలి.

తిరుపతి, రాజేంద్రనగర్‌లలోని మన పశువైద్య విశ్వవిద్యాలయాలకు ఒక మనవి. అయిదున్నరేళ్ల చదువులో పశువు పక్కన నిలబడి చేత్తో చూడటానికే కొన్ని గంటలు విడిగా కేటాయించండి. ఆక్యుపంక్చర్ నేర్పదలిస్తే నేర్పండి, ఫలితాన్ని కొలవడం కూడా అదే తరగతిలో నేర్పండి.

కుక్కను పెంచుకునే పాఠకులకు మరో మాట. దాని వెనక కాళ్లు ఉన్నట్టుండి పడిపోతే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఆపరేషన్ అవసరమైతే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. ఆ తరవాత సూదులు వేయిస్తుంటే, ఆ రోజు ఎన్ని అడుగులు వేసిందో, ఎన్నిసార్లు కూలబడిందో రోజూ ఒక కాగితం మీద రాసి డాక్టరుకు చూపించండి.