ట్రైనింగ్ అంటే సంతకం పెట్టి భోజనం చేసి రావడం కాదు



మన గ్రూపులో నర్సింగ్ చదివేవాళ్లు ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నా. అమెరికా ఎయిర్‌ఫోర్స్‌లో ప్రాణాపాయంలో ఉన్న సైనికులను విమానంలో తరలించడానికి ముగ్గురి టీమ్ ఉంటుంది. ఒక డాక్టరు, ఒక ఐసీయూ నర్సు, ఒక రెస్పిరేటరీ థెరపిస్టు. ఆ నర్సు అప్పటికే పని తెలిసిన మనిషే. అయినా యుద్ధప్రాంతానికి పంపేముందు సిన్సినాటి యూనివర్సిటీ ఆసుపత్రిలో రెండు వారాల ట్రైనింగ్ ఇస్తారు.

పని తెలిసినవాళ్లకు మళ్లీ ఎందుకు? రెండు కారణాలు. ఒకటి, మామూలు రోజుల్లో మిలిటరీ ఆసుపత్రికి పెద్ద గాయాలు ఎక్కువగా రావు. చేయని పని చెయ్యి మరిచిపోతుంది. పెద్ద సిటీ ట్రామా ఆసుపత్రికి బుల్లెట్ గాయాలు, యాక్సిడెంట్లు వస్తూనే ఉంటాయి. రెండు, విమానం వార్డు కాదు. ఇంజిన్ మోతలో స్టెతస్కోప్‌తో ఏమీ వినబడదు, అలారం కూడా వినబడదు. కళ్లతోనే మానిటర్ కనిపెట్టుకుని ఉండాలి. పైకి వెళ్లేకొద్దీ పీడనం తగ్గి, ఛాతీలో చిక్కుకున్న గాలి ఉబ్బుతుంది. అందుకే ఇవన్నీ ముందే చేసి చూస్తారు.

"వాళ్లకు డబ్బుంది, యుద్ధాలు చేస్తారు, మనకెందుకు" అని కొందరు అంటారు. వాళ్ల యుద్ధాలను నేనూ మెచ్చుకోను. కానీ అసలు విషయం విమానం కాదు. రోగిని ఏ దారిలో మోస్తామో, ఆ దారికి తగ్గట్టు నేర్పడం.

మన దారి డోలీ. కాన్పు తర్వాత రక్తం ఆగని తల్లిని వానలో, టార్చిలైటు వెలుగులో, గుట్ట దింపుతూ చూసుకోవాలి. వార్డులో బల్ల పక్కన నిలబడి నేర్చుకున్నది అక్కడ సగమే పనికొస్తుంది. ఆ మిగతా సగం మన ఏఎన్ఎం అక్కలకు, ఆశాలకు ఎవరు నేర్పుతున్నారు?

నా అభిప్రాయం ఇది. కొండ మీది పీహెచ్‌సీకి పోస్టింగ్ ఇచ్చేముందు జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీలో, లేబర్ రూములో కనీసం రెండు వారాలు చేత్తో పని చేయించాలి. తర్వాత డోలీతో, అదే దారిలో ఒకసారి నడిపించాలి. ఇది రోడ్డుకు బదులు కాదు. రోడ్డు మన హక్కు, అడుగుతూనే ఉందాం. కానీ రోడ్డు వచ్చేదాకా తల్లులు ఆగలేరు కదా.

నర్సింగ్ చదివే అక్కలు మీ అనుభవం కింద రాయండి. అవన్నీ కలిపి ఐటీడీఏకి అర్జీ పెడదాం.

జై ఆదివాసీ.