ఐర్లండు కుర్రవాడూ, ఇంగ్లండు గేటూ

పోయిన నెల సంఘ భవనంలో కార్యవర్గ సమావేశం ముగించుకొని మేము క్రిందికి దిగేసరికి, హాలులో కుర్రకారు టెలివిజను ముందు చేరి ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆట చూస్తున్నారు. ఆ ఆటలో మా ప్రవేశం అంతంతమాత్రం. అయినా కుర్చీ లాక్కొని కూర్చున్నాము. వారిలో ఒకడు మా వైపు తిరిగి, "బాబాయిగారూ, మీరు ఆఫీసు కాగితాల మనిషి గదా, ఈ చిక్కు విప్పండి. ఐర్లండు వాడు ఇంగ్లండు వెళ్లి బ్రతకడానికి వీసా అక్కరలేదంటారు. మరి పదహారేళ్ల ఐర్లండు కుర్రవాణ్ణి ఇంగ్లీషు క్లబ్బు చేర్చుకోకూడదట. ఈ రెండూ ఎలా పొసుగుతాయండీ?" అని అడిగాడు. "చూసి చెబుతాములే" అన్నాము. ఆఫీసులో కౌంటరు దగ్గరికి వచ్చిన వారితో మేము రోజూ అనే మాట అదే. ఈసారి మాత్రం నిజంగానే చూశాము.

చూడగా తేలిన సంగతి వింతగా ఉన్నది. ఐర్లండు బ్రిటను నుండి విడిపోయింది నిన్నా మొన్నా కాదు. 1922లోనే స్వతంత్ర ఐరిష్ రాజ్యం ఏర్పడింది. అంతకు ముందు సంవత్సరమే, అనగా 1921లో, డబ్లిన్ వారు బెల్ఫాస్టు పెత్తనం ఒల్లక వేరే ఫుట్‌బాల్ సంఘం పెట్టుకున్నారు. దేశం రెండయింది, సంఘాలు రెండయ్యాయి. ఆటగాళ్లు మాత్రం రెండు కాలేదు! చాలా ఏళ్లు ఉభయ సంఘాలూ ఐర్లండు మొత్తం మాదేనంటూ, ద్వీపం అంతటి నుండీ ఆటగాళ్లను ఏరుకుంటూనే వచ్చాయి.

మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బులో జానీ కేరీ అనే పేరుపొందిన ఆటగాడుండేవాడు. డబ్లిన్‌లో పుట్టినవాడు. 1946 సెప్టెంబరు 28న బెల్ఫాస్టులో ఇంగ్లండు మీద ఒక ఐర్లండు తరఫున ఆడాడు. ఏడు గోళ్లు తిని, రెండు కొట్టి ఓడిపోయారు. నడుమ ఒక్క రోజు విశ్రాంతి. 30వ తేదీన డబ్లిన్‌లో అదే ఇంగ్లండు మీద రెండవ ఐర్లండు తరఫున ఆడాడు. అక్కడ ఒక్క గోలుతోనే ఓడారు. మూడు రోజులలో ఒకే మనిషి రెండు దేశాల వాడు. ఈ కాలంలో మా బోటి గుమాస్తా చేతికి ఆ దరఖాస్తు వస్తే "ఏదో ఒకటి కొట్టివేయుము" అని వ్రాసి త్రిప్పి పంపేవాడు. 1950 ప్రపంచ కప్పు అర్హత పోటీలలో కూడా కొందరు ఇటూ అటూ ఆడేసరికి, అప్పుడు మేలుకొన్నది ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా. ఆ తర్వాతనే ఎవరి ఆటగాళ్లు వారికి అన్న కట్టడి వచ్చింది.

అయితే అది దేశపు జట్టు మాట. పొట్టకూటి ఆట, అనగా క్లబ్బు ఆట, ఎప్పటిలాగే సాగిపోయింది. డబ్లిన్ సందులలో బంతి తన్నే పిల్లవాడికి మీసాలు రాకముందే ఇంగ్లండు నుండి మనిషి వచ్చేవాడు, తల్లిదండ్రులతో మాట్లాడేవాడు, పిల్లవాడు ఓడ ఎక్కేవాడు. లియాం బ్రాడీ పదిహేనేళ్ల వయసున 1971లో ఆర్సెనల్ క్లబ్బుకు వెళ్లాడు. రాబీ కీన్ పదిహేడేళ్లకే, 1997లో, ఉల్వర్‌హాంప్టన్ పెద్ద జట్టులో దిగాడు. (ఆ కీన్ వయసు మళ్లిన తర్వాత 2017లో కలకత్తా వచ్చి ఆడటం మన కుర్రవాళ్లు ఎరుగుదురు.) 1973 జనవరి 1న బ్రిటను, ఐర్లండు రెండూ కలిసి యూరపు ఆర్థిక కూటమిలో చేరాయి. ఇక అడ్డేమున్నది?

నడుమ కొన్నాళ్లు యూరపు పోటీలలో ఒక తమాషా నడిచింది. జట్టుకు ముగ్గురే విదేశీయులు, మరి ఇద్దరు చిన్ననాటి నుండీ అక్కడే ఆడి అలవాటైన వారు, అంతకు మించి ఉండరాదని నియమం. ఇంగ్లీషు క్లబ్బుకు వేల్సు వాడు, స్కాట్లండు వాడు కూడా విదేశీయుడే. 1994 నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ బార్సిలోనా వెళ్లినప్పుడు ఆ లెక్క సరిపెట్టడానికి డెన్మార్కు గోల్‌కీపరు ష్మైకెల్‌ను బయట కూర్చోబెట్టారు. నాలుగు గోళ్లు తిని వచ్చారు. మరుసటి సంవత్సరం డిసెంబరు 15న జాఁ మార్క్ బోస్మాన్ అనే బెల్జియం ఆటగాడి దావాలో యూరపు న్యాయస్థానం తీర్పు చెప్పింది: ఫుట్‌బాల్ ఆడేవాడు కూడా కూలిచేసుకునే వాడే, కూటమిలో ఎక్కడైనా పని చేసుకునే హక్కు వాడికీ ఉన్నది, దేశాన్నిబట్టి లెక్క పెట్టరాదు అని. బోస్మాన్‌కు ఒరిగింది స్వల్పం. ఆ తీర్పు వల్ల బాగుపడినవారు తర్వాతివారు.

2016 జూన్ 23న బ్రిటను ప్రజలు నూటికి 51.9 వంతున కూటమి నుండి బయటికి పోదామని వోటు వేశారు. ఆ వోటు వేసిన రోజున ఫుట్‌బాల్ పిల్లలు ఎంతమందికి గుర్తున్నారో! పరివర్తన కాలం 2020 డిసెంబరు 31తో ముగిసింది. మర్నాటి నుండి ఫ్రాన్సు వాడైనా, పోర్చుగల్ వాడైనా, బ్రెజిల్, జపాను వారి వరుసలోనే నిలబడాలి. ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం ఆమోదపత్రం ఇస్తేనే పని అనుమతి. దానికి పదిహేను మార్కులు రావాలి. ఏ దేశపు జట్టుకు ఎన్ని ఆటలు ఆడాడు, ఏ లీగులో ఆడాడు, వాడి క్లబ్బు ఎన్నవ స్థానంలో నిలిచింది, ఇవన్నీ పద్దులు. మొదటి పది స్థానాలలో ఉన్న దేశం తరఫున రెండేళ్లలో నూటికి ముప్పై ఆటలు ఆడిన వాడికి లెక్కలతో పని లేదు, తలుపు తెరిచే ఉంటుంది. ఉన్నవారికి అందరూ చుట్టాలే గదా. 2014 జనవరిలో ఫ్రాన్సు రెండవ శ్రేణి లీగు నుండి లెస్టర్ క్లబ్బుకు వచ్చిన రియాద్ మహ్రెజ్ అప్పటికి ఏ దేశపు పెద్ద జట్టుకూ ఆడలేదు. రెండేళ్లకు ఆ క్లబ్బు ఛాంపియన్ అయింది. ఈ మార్కుల పట్టీ అప్పుడే ఉంటే అతడికి గేటు దాటడం కష్టమయ్యేదని మా ఊహ. 2023లో ఈ కట్టడిని కొంత సడలించి, పెద్ద క్లబ్బులకు నలుగురి దాకా మార్కులు చాలని వారిని తెచ్చుకునే వీలు ఇచ్చారు.

ఇక మన కుర్రవాడి ప్రశ్న. ఐర్లండు వారికి ఈ మార్కులూ అక్కరలేదు, వీసా అక్కరలేదు. బ్రిటను, ఐర్లండు మధ్య రాకపోకల ఒప్పందం 1920ల నుండి ఉన్నది, కూటమి పోయినా అది పోలేదు. చిక్కంతా ఫిఫా పుస్తకంలో ఉన్నది. పద్దెనిమిదేళ్లు నిండని ఆటగాణ్ణి ఒక దేశపు క్లబ్బు నుండి ఇంకో దేశపు క్లబ్బుకు మార్చరాదని 2001లో నియమం వచ్చింది. ఆఫ్రికా నుండి, దక్షిణ అమెరికా నుండి పిల్లలను ఆశ పెట్టి తెచ్చి, పనికి రాకపోతే వీధిలో వదిలేసే దళారులను అరికట్టడానికి వచ్చిన నియమం. మంచి నియమమే. యూరపు కూటమి లోపల మాత్రం చదువు, వసతి చూపిస్తే పదహారేళ్లకే మారవచ్చునని ఒక మినహాయింపు. ఐర్లండు పిల్లలు ఇంగ్లండు వెళుతున్నది ఆ మినహాయింపు నీడన. బ్రిటను బయటికి నడిచింది, నీడ తొలగింది. 1922లో రెండు దేశాలు విడిపోయినప్పుడు ఆగని పిల్లవాడు, ఇప్పుడు వారిలో ఒకరు మూడవవారితో విడిపోయేసరికి ఆగిపోయాడు. ఆబోతులు పోట్లాడుకుంటే లేగల కాళ్లు విరిగాయంటారే, అదీ సంగతి.

ఇల్లు కదపకుండానే పై ఊరివాళ్లం కావడమంటే ఏమిటో మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి, బళ్లారి మైసూరులోకి పోయాయి. ఆ రాత్రి బళ్లారిలో ఎవరి మంచం అక్కడే ఉన్నది.

దీని వల్ల ఆ పిల్లలకు నష్టమా, లాభమా అంటే మేము తడుముకుంటున్నాము. సముద్రానికి అవతల, గంట ప్రయాణంలో ఉన్న లివర్‌పూల్ మూసివేసి, మిలాన్ తెరిచి ఉంచారు. 2021లో షామ్‌రాక్ రోవర్స్ నుండి కెవిన్ జెఫీ అనే పిల్లవాడు ఇంటర్ మిలాన్‌కే వెళ్లాడు. భాష రాని ఊళ్లో పదహారేళ్ల బిడ్డ ఉండటం తల్లికి ఇంగ్లండుకన్నా బెంగే గదా. ఇంకొక వంక చూస్తే, వెనక ఓడ ఎక్కిన వారిలో బ్రాడీలు, కీన్‌లు ఎందరు? బడి మానుకొని వెళ్లి, రెండేళ్లకు క్లబ్బు వద్దంటే, చదువూ ఆటా రెండూ లేక తిరిగి వచ్చిన వారే ఎక్కువ. ఇప్పుడు ఇంటి దగ్గరే ఉండి పెద్దవాళ్లతో ఆడి, బడి చదువు ముగించుకొని వెళుతున్నారు. ఐర్లండు క్లబ్బులకూ నాలుగు డబ్బులు వస్తున్నాయి. సెయింట్ ప్యాట్రిక్స్ అనే డబ్లిన్ క్లబ్బు 2025 ఫిబ్రవరిలో మేసన్ మెలియా అనే పదిహేడేళ్ల వాణ్ణి లండన్ టాటెన్‌హామ్‌కు ఇవ్వడానికి ఒప్పుకొన్నది. ఆ లీగులో అంతకు ముందు ఎవరికీ రాని పైకం. కాని పిల్లవాడు బయలుదేరేది 2026 జనవరిలో అని కాగితం మీద వ్రాసుకున్నారు. అంతవరకూ డబ్లిన్‌లోనే ఆట.

ఆదివారం నాడు ఇదంతా కుర్రవాడికి చెప్పాము. శ్రద్ధగా విన్నాడు. విని, "మరి డెర్రీ సిటీ క్లబ్బు సంగతి ఏమిటండీ? ఊరు బ్రిటనులో ఉన్నది, 1985 నుండి ఆడేది ఐర్లండు లీగులో. వాళ్లు డబ్లిన్ పిల్లవాణ్ణి తీసుకోవచ్చునా?" అన్నాడు.

చూసి చెబుతామన్నాము.