గనిదిబ్బలపై గడ్డి

వినుకొండ ప్రాంతమందలి బండ్లమోటులో పూర్వము సీసము త్రవ్విరి. ఆ గని మూతబడినది. గని మూతబడినను మట్టిదిబ్బ మిగులును. దానిలో సత్తువ యుండదు, విషమైన లోహముండును. పచ్చిక లేనిచో గాలికి దుమ్ము చేలకును, వానకు ఒండ్రు చెరువులకును చేరును.

ఇట్టి దిబ్బలపై ఉత్త గడ్డివిత్తులు చల్లుట వ్యర్థమని మా అభిప్రాయము. వానికి వేరుశిలీంధ్రము తోడు కావలెను. అంగళ్లలో వామ్ అను పేర అమ్మునది ఇదియే. దాని సన్నని పోగులు వేళ్లనుండి దూరముగా ప్రాకి భాస్వరమును తెచ్చి యిచ్చును. గడ్డి దానికి చక్కెర నొసంగును. సీసము కొంత ఆ పోగులయందే చిక్కువడును.

దిబ్బపై తానై బ్రదికిన గడ్డి వేళ్లమట్టిని కలిపి వట్టివేరు నాటుట మేలు. భాస్వరపుటెరువు మితిమీరినచో శిలీంధ్రము క్షీణించును. ఇది విషమును మాయము చేయదు, కదలకుండ పట్టియుంచును. కావున ఆ గడ్డిని పశువులకు మేపరాదు.

దిబ్బలున్న గ్రామముల సంఘములు ఈ పనిని గనివారిచే చేయింపవలెను. మన మిరపకును ప్రత్తికిని ఈ శిలీంధ్రమే చుట్టమని మరువకుందము.