ఇంటి కరెంటు: డబ్బా తడవదు, జాయింటు తడుస్తుంది

శ్రావణ పున్నమికి మార్కండేయుని రథం, ఆ వెనకే గణపతి, పెత్రామాస నుంచి బతుకమ్మ. మన సోలాపూరులో పండుగలన్నీ వానలోనే వస్తాయి. జూన్, జూలై నెలలు మబ్బులు చూపించి మురిపించినా, గట్టి వాన పడేది ఎక్కువగా సెప్టెంబరులోనే. గడప ముందు, గల్లీ మలుపులో లైట్లు కట్టే రోజులూ, నీళ్లు నిలిచే రోజులూ ఒక్కటే అయిపోతాయి. అందుకని ఈ నెల బయటి లైట్ల సంగతి.

విడీ ఘర్‌కుల్ వైపు నుంచి ఒక అక్క అడిగింది: "12 వోల్టుల వాటర్‌ప్రూఫ్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చినం. బయట గోడకు బిగించి, కిటికీల నుంచి వైరు లాగి ఇచ్చినం. తులసికోట చుట్టూ పట్టీ లైటు. పిల్లలు ముట్టుకున్నా ఏం గాదు గదా?"

మంచి ట్రాన్స్‌ఫార్మర్ అయితే, పట్టీ లైటు ముట్టుకుంటే ఏం కాదు అక్కా. భయం కిటికీలోంచి వచ్చిన ఆ వైరుతోనే. అందులో నడిచేది ఇంటి కరెంటు, 230 వోల్టులు. అది ఇప్పుడు వానలో ఉన్నది.

ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఏం చేస్తుందో ముందు చూద్దాం. దుకాణంలో దీన్నే అడాప్టర్ అంటారు, డ్రైవర్ అంటారు. లోపల రెండు తీగ చుట్లు ఉంటాయి. ఒక చుట్టలో ఇంటి వైపు కరెంటు నడిస్తే, అయస్కాంత బలంతో రెండో చుట్టలో తక్కువ వోల్టులు పుడతాయి. రెండు చుట్లకూ మధ్య తీగ కలవదు. మనల్ని కాపాడేది ఈ ఎడమే.

మిల్లులో పనిచేసిన పెద్దలకు ఈ లెక్క కొత్తగాదు. ట్యాంకుల్లో, గోతుల్లో, ఇరుకు చోట్లలో దిగి పనిచేసేటప్పుడు, తగిన రక్షణ ఏర్పాటు లేకుండా 24 వోల్టులు దాటిన చేతి లైటు వాడొద్దని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 36-ఎ సెక్షను చెప్పేది. పొడి చర్మం కరెంటును కొంత ఆపుతుంది. చెమట పట్టిన ఒళ్లు, తడి నేల ఆ అడ్డు తీసేస్తాయి. వానలో వాకిట్లో ఆడే పిల్ల ఒళ్లు కూడా అంతే.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. బజారులో దొరికే సీరియల్ సెట్టును కూడా చాలామంది "చిన్న వోల్టు లైటే గదా" అనుకుంటారు. అది వేరే జాతి. అందులో ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. 50 బల్బులు ఒకదాని వెనక ఒకటి కట్టి, 230 వోల్టులను వాటికి పంచుతారు. బల్బుకు వచ్చేది నాలుగున్నర వోల్టులే, కానీ ఫేజు వైపు వైరు చిట్లిన చోట తడి కాలుతో నిలబడి ముట్టుకుంటే దాదాపు మొత్తం 230 మన మీదికే. ఇంకా ఘోరం ఏమిటంటే, నడుమ ఒక బల్బు ఊడితే దండ మొత్తం ఆరిపోతుంది, కానీ ఊడిన చోటు దాకా ఫేజు ఉండనే ఉంటుంది. వెలగడం లేదని పిల్లవాడు ఆ ఖాళీ హోల్డర్‌లో వేలు పెడతాడు. తులసికోటకు, బతుకమ్మ ఆడే వాకిలికి సీరియల్ సెట్టు వద్దనే నా మాట.

ఇక డబ్బా. దాని మీద ఐ.పి. అనే అక్షరాల పక్కన రెండు అంకెలు ఉంటాయి. మొదటిది దుమ్ముకు, రెండోది నీళ్లకు. 20 అని ఉంటే ఇంటి లోపలికే, నీటికి ఏ రక్షణా లేదు. 65 అయితే పైపుతో నీళ్లు కొట్టినా తట్టుకుంటుంది. 67 అయితే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి నీరు పోదు. అట్లాగే ఇన్‌పుట్ 230, అవుట్‌పుట్ 12 వోల్టులు డి.సి. అని రాసి ఉందా చూడండి. ఎస్.ఇ.ఎల్.వి. అనే నాలుగు ఇంగ్లీషు అక్షరాలు ఉంటే, రెండు వైపులా విడిగా ఉన్నాయని కంపెనీ మాట ఇచ్చినట్టు. ఏమీ రాయని డబ్బాను సగం ధరకు ఇచ్చినా తీసుకోకండి. పాత ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చేది 12 వోల్టుల ఏ.సి.; పట్టీ లైటుకు డి.సి. కావాలె.

ఆ అంకెలు డబ్బాకు మాత్రమే. డబ్బాలోంచి బయటికి జానెడు వైరు వేలాడుతుంది, దాన్ని మన వైరుకు కలిపేది మన వాయర్‌మన్, నల్ల టేపు చుట్టి. టేపు జిగురు ఎండకు కరుగుతుంది, వానకు ఊడుతుంది. లోపలికి దిగిన నీరు తీగపోగుల మధ్యనుంచి, దీపం వత్తి నూనె పీల్చినట్టు, పైకి పాకుతుంది. డబ్బా నిక్షేపంగా ఉంటుంది, షాకు జాయింటు దగ్గర కొడుతుంది.

కాబట్టి డబ్బా వాటర్‌ప్రూఫ్ అయినా సరే దాన్ని ఇంట్లోనే పెట్టండి. 230 గోడ దాటొద్దు, బయటికి 12 ఒక్కటే పోవాలె. బంగళాల వాళ్లకు తోట చివరిదాకా లాగాల్సి ఉంటుంది. మనవి ఒక ఖోలీ, దాని ముందు నాలుగడుగుల వాకిలి. లోపలి ప్లగ్గు నుంచి తులసికోటకు పది మీటర్లు కూడా రాదు. చిన్న ఇల్లు అయినందుకు ఇక్కడ మనకే లాభం.

లోపల పెట్టేటప్పుడు గాలి తగిలే చోట, పిల్లలకు అందనంత ఎత్తులో గోడకు బిగించండి. డబ్బా వేడెక్కుతుంది. ఇంట్లో మగ్గం ఉన్నవాళ్లు దాని మీద నూలు దుమ్ము పేరుకోకుండా వారానికోసారి, ప్లగ్గు తీసి, పొడిగుడ్డతో తుడవాలె. బీడీ ఆకు మూటల వెనక దాచొద్దు.

దాని మీద ఎంత బరువు మోపాలి? 60 వాట్ల డబ్బాకు 48 వాట్ల లైట్లు చాలు. 48 వాట్లంటే 230 దగ్గర ఆంపియర్‌లో ఐదో వంతు, 12 దగ్గర 4 ఆంపియర్లు. అందుకే బయటికి పోయే వైరు లావుగా ఉండాలె. పది మీటర్ల దూరానికి ఒకటిన్నర స్క్వేర్ ఎం.ఎం. రాగి వైరు వేస్తే దారిలో ఒక వోల్టు పోతుంది. ముప్పావు స్క్వేర్ వేస్తే రెండు వోల్టులు పోయి చివరి లైటు మబ్బుగా వెలుగుతుంది. 12 వోల్టులు షాకు కొట్టకపోయినా నిప్పు పుట్టించగలవు. రెండు తీగలు కలిస్తే సన్న వైరు ఎర్రబడుతుంది. డబ్బా నుంచి బయలుదేరే చోటనే 5 ఆంపియర్ల ఫ్యూజు ఒకటి వేయించండి.

గల్లీ కమానుకో, గుడి ఆవరణలోనో తప్పనిసరై బయటే పెట్టాల్సి వస్తే, సజ్జ కింద, నీళ్లు నిలిచే గుర్తుకు బాగా పైన పెట్టాలి. వైరు డబ్బాలోకి కింది వైపు నుంచే పోవాలి. పోయే ముందు ఒక వంపు కిందికి వేలాడాలి, అప్పుడు వైరు వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. జాయింటు టేపుతో వదలకుండా రబ్బరు బిగింపు ఉన్న వాటర్‌ప్రూఫ్ జంక్షన్ పెట్టెలో ఉండాలి. 230 వైరు పత్రా మీదుగా, బట్టలారేసే ఇనుప తీగ మీదుగా లాగొద్దు. పత్రా అంచు గాలికి ఊగి ఊగి వైరు తోలు కోస్తుంది. ఆ తర్వాత పత్రా అంతా ఫేజే, దానికి కట్టిన తీగ కూడా ఫేజే. తడిబట్టతో మొదట చెయ్యి వేసేది ఇంటి ఆడమనిషి.

"ఎం.సి.బి. ఉంది, పడిపోతుంది గదా" అంటారు. 6 ఆంపియర్ల ఎం.సి.బి. వైరును కాపాడటానికి ఉంది. మనిషిని చంపడానికి అంత కరెంటు అక్కరలేదు. మనిషి కోసం వేసే ఆర్.సి.సి.బి. 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే పడిపోతుంది. అంటే 6 ఆంపియర్లలో 200వ వంతు. ఖరీదు ఎక్కువే, అయినా ఇంటికి ఒకటి పెట్టించుకోండి. చాళ్లలో ఎర్తింగు సరిగా లేని చోట కూడా, కరెంటు మన ఒంటిలోంచి నేలకు దిగితే అది పసిగడుతుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకున్నవాణ్ణి మాత్రం కాపాడలేదు. ఎర్తింగు బాగు చేయించే పని కూడా అట్లాగే ఉంటుంది.

12 వోల్టుల వైపు వైర్లు ఇంట్లో ఎవరైనా కలుపుకోవచ్చు, ప్లగ్గు తీసి. 230 వైపు లైసెన్సు ఉన్న వాయర్‌మన్ చేతే చేయించండి. ఆ ప్లగ్గు పెట్టడం అన్నిటికన్నా చివరి పని. పని మొదలుపెట్టే ముందు స్విచ్చి కాకుండా మెయిన్ దింపాలి. పాత ఖోలీల్లో స్విచ్చి న్యూట్రల్ మీద ఉంటే లైటు ఆరుతుంది, ఫేజు మిగులుతుంది. టెస్టరును ముందు వెలుగుతున్న ప్లగ్గులో పెట్టి, అది పనిచేస్తున్నదని చూసుకున్నాకే ఆరిన చోట పెట్టండి.

ఆర్.సి.సి.బి. మీద 'టి' అని రాసిన చిన్న బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కితే టక్కున పడిపోవాలి. పడకపోతే అది పనికిరాదు, మార్చండి. మీ గల్లీ గణపతి మండలి వాళ్లను కూడా, పందిట్లోకి పిల్లలను రానిచ్చే ముందు, ఆ బొత్తాం మీ కళ్ల ముందే నొక్కి చూపించమనండి.