మందలో మనిషి

పదిమంది నడిచే బాటలో నడవడం సులభం. ఆ పదిమందీ దారి తప్పినప్పుడు ఒంటరిగా నిలవడమే కష్టం. గొర్రెదాటుకు లోబడని మనిషి పడే ఆ వేదనను ఆధునిక నాటకరంగంలో బలంగా చిత్రించిన ఫ్రెంచి నాటకకర్త యూజీన్ ఇయొనెస్కో. ఆయనను అర్థంలేని మాటలతో నవ్వించిన రచయితగా మాత్రమే పరిగణించడం న్యాయం కాదు.

ఇయొనెస్కో 1909లో రుమేనియాలోని స్లాటినా పట్టణంలో జన్మించాడు. తండ్రి రుమేనియా దేశస్థుడు. తల్లిది ఫ్రెంచి కుటుంబం. బాల్యం చాలావరకు ఫ్రాన్సులోను, విశ్వవిద్యాలయ విద్య బుకారెస్టులోను సాగాయి. 1930లలో రుమేనియాలో ఫాసిస్టు ఉద్యమం ప్రబలింది. విద్యావంతులు, తన మిత్రులు సైతం ఆ భావజాలానికి లొంగిపోవడం ఆయన కళ్లారా చూశాడు. అనంతరం ఫ్రాన్సులో స్థిరపడి, ఫ్రెంచి భాషలో నాటకాలు రచించాడు.

తొలి నాటకం 'బట్టతల గాయని' పుట్టుక విచిత్రమైనది. ఇంగ్లీషు నేర్చుకుందామని ఆయన ఒక వాచకం తెరిచాడు. వారానికి ఏడు రోజులని, నేల కింద ఉంటుందని, కప్పు పైన ఉంటుందని అందులోని వాక్యాలు బోధించాయి. మనుషులు నిత్యం మాట్లాడుకునే మాటలు కూడా ఇంత డొల్లవే కదా అని ఆయనకు తోచింది. 1950లో పారిస్‌లో ప్రదర్శించిన ఈ నాటకంలో బట్టతల గాయని ఎక్కడా కనిపించదు. రెండు జంటల సంభాషణ క్రమంగా వట్టి శబ్దాలుగా చెదిరిపోతుంది. మొదట ఆదరణ కరవైనా, 1957 నుండి హ్యూషెట్ అనే చిన్న నాటకశాలలో దీని ప్రదర్శనలు సాగుతూ వచ్చాయి. 'కుర్చీలు' (1952) నాటకంలో వృద్ధ దంపతులు కంటికి కనిపించని అతిథులకు ఆసనాలు వేస్తారు. వారి సందేశాన్ని లోకానికి వినిపించవలసిన వక్త చివరకు మూగవాడని తేలుతుంది.

1958లో ఆంగ్ల విమర్శకుడు కెన్నెత్ టైనన్ ఇయొనెస్కో నాటకాలు సామాజిక వాస్తవికతకు దూరమని ఆక్షేపించాడు. సిద్ధాంత ప్రచారం నాటకం పని కాదని ఇయొనెస్కో బదులిచ్చాడు. 1959లో తొలిసారి ప్రదర్శితమైన 'ఖడ్గమృగం' నాటకమే ఆ ఆక్షేపణకు సరైన సమాధానమని నా అభిప్రాయం.

ఒక చిన్న ఊరిలో జనం ఒక్కొక్కరే ఖడ్గమృగాలుగా మారిపోతుంటారు. మొదట అందరూ ఆశ్చర్యపోతారు. పిదప తర్కిస్తారు, సమర్థిస్తారు, చివరకు తామే మారిపోతారు. మిగిలినవాడు బెరాంజే ఒక్కడే. అతడు ధీరోదాత్తుడు కాడు. మద్యానికి అలవాటుపడిన సామాన్య ఉద్యోగి. చివరలో తానూ మృగమైతే బాగుండునని ఒక క్షణం ఆశపడతాడు కూడా. అయినా లొంగనని నిశ్చయించుకుంటాడు. ధైర్యం మహాపురుషుల సొత్తు కాదనీ, భయపడేవాడు కూడా మనిషిగా మిగలవచ్చుననీ ఈ పాత్ర నిరూపిస్తుంది.

నాటకంలో ఏ పార్టీ పేరూ లేదు. అది లోపమని కొందరు భావించవచ్చు. కాని పేరు చెప్పి ఉంటే, తప్పు ఎదుటివారిదని మనం తప్పించుకొనేవాళ్లం. పేరు లేనందువల్లనే ప్రేక్షకుడు తన నుదురు తాను తడిమి చూసుకోవలసి వస్తుంది.

1970లో ఫ్రెంచి అకాడమీ సభ్యుడిగా ఎన్నికైన ఇయొనెస్కో 1994లో మరణించాడు. అందరూ అంటున్నారు కనుక అది నిజమేనని నమ్మబోయే ప్రతి యువకుడూ, ప్రతి యువతీ ఒక్కసారి బెరాంజేను తలచుకోవాలి.