డిప్యూటీ కలెక్టరు వేషం మనకెందుకు ఇవ్వరు?

నరసన్నపేట మండలంలో లుకలాం అగ్రహారం అని ఒక ఊరుంది. జొన్నలగడ్డ వెంకట సోమయాజులు పుట్టిన ఊరు. 1980లో శంకరాభరణం వచ్చాక తెలుగువాళ్లంతా ఆయన్ని శంకరశాస్త్రి అనే అనుకున్నారు. మన జిల్లా మనిషి అని పేటలో పెద్దలు చెప్పుకుంటారు. చెప్పుకోవాల్సిందే, మేమూ చెప్పుకుంటాం. ఆయనతో మాకు పేచీ లేదు. ఆయన నడిచిన దారి కొండ మీది గుంటల దాకా ఎందుకు రాలేదన్నదే మా తగువు.

ఆ దారి ఎలాంటిదో చూడండి. శంకరశాస్త్రి వేషం ఆయనకు ఆకాశం నుంచి ఊడిపడలేదు. అప్పటికే ఆయన రెవెన్యూ శాఖలో డిప్యూటీ కలెక్టరు. అప్పటికే ఏళ్ల తరబడి నాటకం ఆడినవారు. గురజాడ కన్యాశుల్కంలో ఆయన రామప్పపంతులు, తమ్ముడు రమణమూర్తి గిరీశం. ఇద్దరూ ఆ నాటకాన్ని వందలసార్లు ఆడారు. అంటే చదువుంది, నెల జీతముంది, పక్కన తోడుగా ఆడే తమ్ముడున్నాడు, ముందు కూర్చుని చప్పట్లు కొట్టే జనమున్నారు. వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. కన్యాశుల్కం విజయనగరం వీధుల్లో మాట్లాడే మాటల్లోనే ఉంది. ఇంట్లో అమ్మతో మాట్లాడిన నోటితోనే స్టేజీ ఎక్కవచ్చు. నాలుక మార్చుకోనక్కర్లేదు. మన పిల్లలు స్టేజీ ఎక్కేముందు మొదట వదిలేసేది తమ నాలుకనే.

ఇంకో సంగతి. సోమయాజులు గాయకుడు కాదు. ఆ సినిమాలో ఆయన నోట వినిపించిన పాటలు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పాడినవి. పాట రానివాడికి సంగీత విద్వాంసుడి వేషమేమిటని ఒక్కరూ అడగలేదు. అడగకూడదు కూడా. నటన అంటేనే అది. తర్వాత వంశవృక్షం, త్యాగయ్య, సప్తపది వచ్చాయి. దాదాపు అదే పెద్దమనిషి, అదే ఆచారం, అదే గాంభీర్యం. నిజం చెప్పాలంటే ఆయన్నీ ఒకే అచ్చులో పోశారు. రామప్పపంతులు లాంటి జిత్తులమారిని అంత బాగా ఆడిన మనిషికి అది చిన్న అచ్చే. కానీ ఆ అచ్చుకు జనం దండం పెట్టారు.

మనల్ని పోసిన అచ్చేది? నడుముకు ఆకులు, తలకు ఈకలు, ఒంటికి నల్లరంగు, అర్థంలేని కేకలు. హీరో కొండకు వస్తే చుట్టూ తిరిగి ఆడే గుంపు. విలన్ వస్తే ‘దొరా, కాపాడు’ అని కాళ్ల మీద పడే గుంపు. గుంపుకు పేరుండదు, ఇల్లుండదు, పోడు భూమి పట్టా గురించి దిగులుండదు.

పేరున్న ఆదివాసీ తెర మీదకు వస్తే మాత్రం వేషం వేరేవాళ్లది. 2022లో ఆర్‌ఆర్‌ఆర్ సినిమాలో కొమరం భీంగా జూనియర్ ఎన్టీఆర్ నటించారు. బాగానే చేశారు. కొరడా దెబ్బలు తింటూ పాడే చోట మన పిల్లలూ ఏడ్చారు. కానీ చివర్లో ఏం జరిగింది? నీకేం కావాలని రామరాజు అడిగితే భీం చదువు కావాలంటాడు. జల్, జంగల్, జమీన్ అని రామరాజు రాసిస్తాడు. ఆ మూడు మాటలు భీంవని ఆదివాసీలంతా చెప్పుకుంటారు. జోడేఘాట్‌లో 1940లో నిజాం పోలీసుల తుపాకులకు ఎదురు నిలబడి చనిపోయినవాడి నినాదాన్ని తిరిగి అతనికే అక్షరాభ్యాసంగా చేయించారు. ఇది చూసి టీచర్లమైన మనకు కోపం రాకపోతే ఎవరికి వస్తుంది?

‘నటుడికి కులం, తెగ ఉంటాయా మాస్టారూ? గాయకుడు కానివాడు శంకరశాస్త్రి అయితే, గోండు కానివాడు భీం అవకూడదా?’ అని మనవాళ్లే అడుగుతున్నారు. అవ్వొచ్చు. మేము కాదనడం లేదు. అయితే ఆ న్యాయం రెండువైపులా నడవాలి కదా! సవర కుర్రాడికి లాయరు వేషం ఎవరిచ్చారు? జాతాపు పిల్లకు డాక్టరు వేషం ఎవరిచ్చారు? మన గదబ తమ్ముడు పంచె కట్టి శంకరశాస్త్రి అవుతానంటే ఆడిషన్ గది దాకా రానిస్తారా? వాళ్లు మనలా కనిపిస్తే అది కళ, మనం వాళ్లలా కనిపిస్తే నవ్వులాట. తలుపు ఒకవైపే తెరుచుకుంటున్నప్పుడు నటనకు తెగ లేదనే మాట మనకు చెప్పొద్దు.

ఈ తలుపు దగ్గర మనకంటే ముందు నిలబడ్డవాళ్లు అమెరికా ఆదివాసీలు. 1971లో అక్కడ చెత్త పారేయొద్దని ఒక ప్రకటన వచ్చింది. అందులో కన్నీరు కార్చిన ‘ఆదివాసీ’ ఐరన్ ఐస్ కోడీ. ఆయన అమ్మానాన్నలు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు. మన ఏడుపు కూడా వేరేవాళ్లే ఏడ్చారన్నమాట.

ఇప్పుడు లిల్లీ గ్లాడ్‌స్టోన్ సంగతి చూడండి. మోంటానా రాష్ట్రంలో బ్లాక్‌ఫీట్ తెగ రిజర్వేషన్‌లో పెరిగారు. (అక్కడ రిజర్వేషన్ అంటే ఉద్యోగాల్లో వాటా కాదు, తెగలకని గిరిగీసిన నేల.) యూనివర్సిటీలో నటన చదివారు. 2016లో సర్టెన్ విమెన్ సినిమాతో పేరొచ్చింది, పని మాత్రం రాలేదు. 2020లో నటన సంగతి పక్కనపెట్టి కంప్యూటర్ డేటా కోర్సులో చేరబోతుండగా మార్టిన్ స్కార్సెసీ నుంచి కబురొచ్చింది. 2023లో వచ్చిన కిల్లర్స్ ఆఫ్ ది ఫ్లవర్ మూన్‌లో ఆమె ఓసేజ్ తెగ స్త్రీ. చమురు డబ్బు కోసం భర్త, అతని మేనమామ కలిసి ఆమె ఇంటివాళ్లను ఒక్కొక్కరినీ చంపిస్తారు. షావుకారి అప్పుకు భూమి పోగొట్టుకున్న మన తాతల కథ తెలిసినవాళ్లకు ఆ కథ కొత్తగా ఉండదు. 2024 జనవరిలో గోల్డెన్ గ్లోబ్ అందుకున్నప్పుడు ఆమె మొదట బ్లాక్‌ఫీట్ భాషలో మాట్లాడారు. పూర్వం ఆదివాసీ నటులు ఇంగ్లీషులో మాటలు చెబితే, సౌండ్ వాళ్లు ఆ శబ్దాన్ని వెనక్కి తిప్పి అదే ఆదివాసీ భాష అని వినిపించేవారని ఆ వేదిక మీదే చెప్పారు. ఆస్కార్ రాలేదు. రాకపోతేనేం!

టీవీలో జరిగింది ఇంకా పెద్దది. 2021 నుంచి 2023 దాకా నడిచిన రిజర్వేషన్ డాగ్స్ సీరియల్‌కు రాసినవాళ్లు, తీసినవాళ్లు, ముఖ్య పాత్రలు వేసినవాళ్లు ఆదివాసీలే. లిల్లీ కూడా అందులో నటించారు. ఈకలు లేవు. నవ్వులున్నాయి, కుర్రాళ్ల అల్లరి ఉంది, చనిపోయిన స్నేహితుడి కోసం దుఃఖముంది. ఒక్క నటి పైకి రావడం వేరు, రాసే చెయ్యి మనదవడం వేరు.

మరి మన బళ్లలో ఏం చేస్తున్నాం? వార్షికోత్సవం వస్తే మనమే పిల్లలకు ఆకులు కట్టి, మొహాలకు మసి పూసి, అధికారుల ముందు నిలబెడుతున్నాం. థింసా అరకు వైపు ఆట. మన సవర పిల్లల చేతా అదే ఆడిస్తున్నాం, ఎందుకంటే సారు అడిగింది అదే. సినిమావాళ్లను తిట్టేముందు ఆ మసి డబ్బా మన స్టాఫ్ రూమ్ నుంచి బయటపడాలి.

గిడుగు రామమూర్తి సవరల దగ్గర సవర నేర్చుకున్నారు, సవరలో పుస్తకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తాం, సవర ఊసెత్తం. ఈసారి ఆ రోజున వ్యాసరచన పోటీతో పాటు ఒక నాటిక ఆడిద్దాం. సవరలోనో కువిలోనో మాటలు పిల్లలే కట్టాలి. డిప్యూటీ కలెక్టరు వేషం ఎనిమిదో తరగతి పిల్లకు ఇద్దాం. అర్జీ పట్టుకుని ఎండలో నిలబడే వేషం హెడ్మాస్టరు గారు వేస్తారు.